దేవుని కోసమైనా అబద్ధం వద్దు: యెరికో తవ్వకాలు నేర్పే పాఠం



ఎర్ర సముద్రం అడుగున ఫరో రథచక్రాలు దొరికాయి. అరారాతు కొండల్లో నోవహు ఓడ బయటపడింది. శాస్త్రవేత్తలు నోరు మూసుకున్నారు. ఆమేన్ అని పదిమందికి పంపండి. ఇలాంటి సందేశం రాని సంఘపు వాట్సాప్ గ్రూపు మన ప్రాంతంలో ఉంటుందని మేము అనుకోవడం లేదు. చదివిన వెంటనే మనసు పొంగుతుంది, వేలు ముందుకు పంపే గుర్తు మీదికి వెళ్తుంది. నిజమో కాదో ఎవరు చూడొచ్చారు? దేవుని వాక్యానికి మేలే కదా అనుకుంటాం.

వాటిలో ఒక ఫోటో సంగతి చెబుతాము. ఎడారిలో గొయ్యి, అందులో మనిషి కంటే ఎన్నో రెట్లు పెద్దదైన అస్థిపంజరం, పక్కనే చీమంత కనిపించే పనివాడు. ఆదికాండము ఆరవ అధ్యాయంలోని నెఫీలులకు ఇది రుజువని మనలో చాలామంది పంచుకున్నారు. అదే ఫోటోను కొందరు హిందూ సోదరులు ఘటోత్కచుని ఎముకలని పంచుకున్నారు. కొందరు ముస్లిం సోదరులు ఖురానులోని ఆద్ జాతివారివని పంచుకున్నారు. నిజానికి అది 2002లో ఇంటర్నెట్‌లో జరిగిన ఫోటోలు మార్చే పోటీ కోసం కంప్యూటర్ మీద తయారు చేసిన బొమ్మ. ఒక్క అబద్ధం మూడు మతాలకు రుజువుగా పనికొచ్చింది. ఎవరికి కావలసింది వారు అందులో చూసుకున్నారు.

ఇది వాట్సాప్‌తో మొదలైన జబ్బు కాదు. సుమారు నూట అరవై ఏళ్లుగా పరిశుద్ధ దేశంలో జరిగిన తవ్వకాల వెనుక ఇదే ఆశ చాలాసార్లు పనిచేసింది. ఏం దొరకాలో ముందే నిర్ణయించుకుని తవ్వినవారున్నారు. దొరికినదాన్ని దేశాల కోసం, జెండాల కోసం వాడుకున్నవారున్నారు. ఆ చరిత్ర సంఘానికి తెలియడం మంచిదని ఈ వారం దానిని రాస్తున్నాము.

దిబ్బను ఎలా చదువుతారు?

ముందుగా తవ్వకం అంటే ఏమిటో చూద్దాం. పూర్వం ఒక ఊరు కాలిపోయినా, కూలిపోయినా, తరువాతి తరం వారు శిథిలాలను చదును చేసి వాటి మీదే ఇళ్లు కట్టుకునేవారు. అలా వేల సంవత్సరాలు గడిస్తే ఊరు దిబ్బగా పెరుగుతుంది. పై పొర కొత్తది, కింది పొర పాతది. ఏ పొర ఏ కాలానిదో చెప్పేది ముఖ్యంగా కుండపెంకులు. కుండల ఆకారం, అంచు, రంగు తరతరానికీ మారుతూ వస్తాయి. ఈ పద్ధతికి పాలస్తీనాలో పునాది వేసినవాడు ఫ్లిండర్స్ పెట్రీ, 1890లో తెల్ ఎల్ హెసీ అనే దిబ్బ దగ్గర.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదవవచ్చు. దిబ్బను ఒక్కసారే చదవగలం. తవ్విన పొర ఇక ఉండదు. అందువల్ల తొందరపడి తవ్వినవాడు తాను పొరబడటమే కాదు, తరువాతివారు ఆ తప్పును సరిచూసే అవకాశం కూడా తీసేస్తాడు.

బైబిలు, పటం, సైన్యం

1865లో లండన్‌లో పాలస్తీనా ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ అనే సంస్థ ఏర్పడింది. ప్రారంభ సభకు అధ్యక్షత వహించింది యార్క్ ఆర్చిబిషప్. ఆ దేశం మనదే అన్న భావంతో ఆయన అక్కడ మాట్లాడారు. బైబిలు పుట్టిన నేల గనుక ప్రేమతో అన్నమాటే అయివుండవచ్చు. కానీ అప్పటికి ఆ నేల తుర్కుల ఏలుబడిలో ఉంది, అక్కడ కాపురముంటున్న ప్రజలు వేరే ఉన్నారు.

సంస్థ పంపినవారిలో చాలామంది బ్రిటిష్ సైన్యపు ఇంజనీర్లు. 1867 నుండి 1870 వరకు యెరూషలేములో నిలువు గుంతలు, సొరంగాలు తవ్విన చార్లెస్ వారెన్ సైనికాధికారి. 1870లలో దేశమంతా కొలిచి పటాలు గీసినవారిలో కిచెనర్ ఒకడు. తరువాత మన దేశంలో బ్రిటిష్ సేనలకు సర్వసేనానిగా వచ్చినవాడు ఈయనే. 1913-14లో ఇశ్రాయేలీయులు సంచరించిన సీను అరణ్యాన్ని పరిశీలించే పేరుతో ఇదే సంస్థ పనిచేసింది. దాని చాటున సైన్యానికి అవసరమైన పటాలు తయారయ్యాయి. పేరు బైబిలుది, పని యుద్ధానిది.

దేశాల మధ్య పోటీ వల్ల జరిగిన నష్టానికి మోయాబు రాతి కథే సాక్ష్యం. 1868లో క్లెయిన్ అనే జర్మన్ మిషనరీకి దీబోను దగ్గర సంచార జాతివారు ఒక నల్లరాయి చూపించారు. 2 రాజులు 3వ అధ్యాయంలో మనం చదివే మోయాబు రాజైన మేషా చెక్కించిన శాసనమది. ఇశ్రాయేలు రాజైన ఒమ్రీ పేరు అందులో ఉంది. రాయి కోసం జర్మన్లు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు పోటీ పడ్డారు, తుర్కు అధికారుల ఒత్తిడీ తోడైంది. చివరికి ఆ జాతివారు రాతిని నిప్పులో కాల్చి, చన్నీళ్లు పోసి పగలగొట్టారు. అంతకుముందే కాగితంపై అద్ది తీయించిన నకలు ఉండబట్టి ముక్కలను కూర్చి చదవగలిగారు. నేడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆ సందడి చల్లారకముందే యెరూషలేములో నకిలీ మోయాబు మట్టిపాత్రల వ్యాపారం లేచింది. జర్మన్లు సుమారు 1,700 వస్తువులు కొని మోసపోయారు. ఆశ ఉన్నచోటికి నకిలీ తానే వెతుక్కుంటూ వస్తుంది.

ఇంకొక కథ వింటే నవ్వూ వస్తుంది, సిగ్గూ వేస్తుంది. యెహెజ్కేలు గ్రంథంలో రహస్య సంకేతం కనిపెట్టానని, నిబంధన మందసము ఎక్కడుందో అది చెబుతుందని ఫిన్లాండ్‌కు చెందిన యువేలియస్ ప్రకటించాడు. ఆ మాట నమ్మి మాంటేగ్ పార్కర్ అనే ఇంగ్లీషు దొర ధనవంతుల దగ్గర డబ్బు పోగుచేసి 1909లో యెరూషలేము వచ్చాడు. గీహోను ఊట సొరంగాల్లో తవ్వించాడు, ఏమీ దొరకలేదు. 1911 ఏప్రిల్‌లో కాపలాదారులకు లంచమిచ్చి, రాత్రిపూట దేవాలయపు కొండ మీద, ముస్లింలు పవిత్రంగా ఎంచే బండ కిందే తవ్వబోయాడు. సంగతి బయటపడి పట్టణం అట్టుడికింది. అతడు యొప్పే ఓడరేవుకు పారిపోయి ఓడెక్కాడు. ఆ తవ్వకంలో మిగిలిన మేలు ఒక్కటే. విన్సెంట్ అనే డొమినికన్ సన్యాసి ఆ సొరంగాలను శ్రద్ధగా కొలిచి రాసిపెట్టాడు. మందసం కోసం వచ్చినవాడికి ఏమీ దక్కలేదు. ఉన్నది ఉన్నట్టు రాసినవాడి పని ఇప్పటికీ ఉపయోగపడుతోంది.

యెరికో గోడ

ఇక యెరికో దగ్గరికి వద్దాం. 1930 నుండి 1936 వరకు జాన్ గార్‌స్టాంగ్ అక్కడ తవ్వాడు. ఖర్చులో పెద్ద భాగం పెట్టినవాడు సర్ చార్లెస్ మార్స్టన్ అనే పారిశ్రామికవేత్త. పారతో బైబిలును రుజువు చేయాలన్నది ఆయన కోరిక. 1934లో బైబిలు సత్యమే అనే పేరుతో ఆయన పుస్తకం కూడా వెలువడింది. గార్‌స్టాంగ్‌కు కూలిన జంట గోడ, కాలిన ఇళ్లు కనిపించాయి. ఇవి క్రీ.పూ. 1400 ప్రాంతానివని, యెహోషువ కాలంలో కూలినవని ప్రకటించాడు. ప్రపంచమంతటా ప్రసంగ వేదికలు ఆ వార్తతో మారుమోగాయి.

1952 నుండి 1958 వరకు కాథ్లీన్ కెన్యన్ అదే దిబ్బను మళ్లీ తవ్వింది. ఈమె విశ్వాసానికి శత్రువు కాదు. ఆమె తండ్రి సర్ ఫ్రెడరిక్ కెన్యన్ బ్రిటిష్ మ్యూజియానికి డైరెక్టరు, బైబిలు ప్రాచీన ప్రతుల మీద పేరుపొందిన పుస్తకం రాసిన పండితుడు. ఆమె పద్ధతి కొత్తది. గుంతల మధ్య కొంత మట్టిని తవ్వకుండా నిలిపి, ఆ నిలువు కోతలో ఒక్కొక్క పొరను చదివేది. తేలింది ఏమిటంటే, గార్‌స్టాంగ్ చూపిన గోడలు అతడు చెప్పిన కాలానికి సుమారు వేయి సంవత్సరాల ముందువి. తరువాత ఇంకొక పట్టణం అక్కడ కాలిపోయిన మాట నిజమే, కానీ అది క్రీ.పూ. 1550 ప్రాంతంలో జరిగిందని ఆమె తేల్చింది. యెహోషువ కాలానికి చెందిన ప్రాకారం ఆమెకు కనబడలేదు. ఆ కాలపు పొరలు చాలావరకు గాలికీ వానకూ కొట్టుకుపోయాయని కూడా ఆమె రాసింది.

1990లో బ్రయంట్ వుడ్ అనే సువార్తిక పండితుడు కుండపెంకుల ఆధారంగా గార్‌స్టాంగ్ చెప్పిన తేదీయే సరియైనదని వాదించాడు. తరువాత కాలిన ధాన్యపు గింజలను కార్బన్ పరీక్షకు పంపితే క్రీ.పూ. 16వ శతాబ్దమే వచ్చింది. వాదన ఇంకా నడుస్తోంది. అయితే గార్‌స్టాంగ్ చెప్పిన జంట గోడ యెహోషువ నాటిదని ఈనాడు తెలిసి చెప్పడం మాత్రం న్యాయం కాదు.

ఇక్కడ మేమొక ఒప్పుకోలు చేయాలి. సెమినరీలో కెన్యన్ పేరు విన్నవాళ్లమే. అయినా పరిచర్య తొలి ఏళ్లలో యెహోషువ 6వ అధ్యాయం మీద ప్రసంగించిన ప్రతిసారీ గార్‌స్టాంగ్ గోడనే చెప్పాము. జనం ఆమేన్ అంటుంటే కెన్యన్ సంగతి నోటికి రాలేదు. ఒక యౌవనస్థుల కూడికలో డిగ్రీ చదువుతున్న కుర్రవాడు లేచి, అయ్యగారూ, ఆ తేదీ తప్పని చాలా ఏళ్ల కిందటే తేలింది కదా అన్నాడు. తరువాత మాట్లాడదామని కూర్చోబెట్టాము. ఆ తరువాత అతడు మళ్లీ కూడికకు రాలేదు. అతన్ని దూరం చేసింది కెన్యన్ కాదు. మాకు తెలిసినది దాచాము, అదే అతన్ని దూరం చేసింది. ఆ సంగతి నేటికీ మా మనసును గుచ్చుతుంది.

జెండా కోసం తవ్వకం

1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడ్డాక తవ్వకాలకు మరో ప్రయోజనం తోడైంది. ఈ నేల మా పితరులదని చూపించడం కొత్త దేశానికి అవసరమైంది. సైన్యాధ్యక్షుడిగా పనిచేసిన యిగాయేల్ యాదీన్ 1955 నుండి హాసోరును, 1963 నుండి 1965 వరకు మసాదా కోటను తవ్వించాడు. రోమీయులకు లొంగకుండా 960 మంది యూదులు మసాదాలో ప్రాణాలు తీసుకున్నారని జోసీఫసు రాశాడు. కొత్త సైనికులు ఆ కొండమీద ప్రమాణం చేసేవారు. అక్కడి గుహలో దొరికిన సుమారు 25 మంది ఎముకలను 1969లో సైనిక లాంఛనాలతో సమాధి చేశారు. ఆ ఎముకల దగ్గర పంది ఎముకలు కూడా ఉన్నాయన్న సంగతి తరువాత చర్చకు వచ్చింది. పంది ముట్టని యూదుల సమాధిలో పంది ఎముకలేమిటని, ఆ మృతులు ఎవరోనని పండితులు అడిగారు. అప్పటికి లాంఛనాలు పూర్తయ్యాయి.

మన సంఘాల నుండి పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లేవారు దావీదు పట్టణమనే స్థలాన్ని చూసి వస్తారు. దానిని నడిపేది ఎలాద్ అనే సంస్థ. పాలస్తీనీయులు నివసించే ఆ సిల్వాన్ పేటలో యూదు కుటుంబాలను స్థిరపరచడం కూడా ఆ సంస్థ పనే, తవ్వకాలకు డబ్బు ఇచ్చేదీ అదే. 2005లో ఎయిలాత్ మజార్ అక్కడ ఒక పెద్ద రాతి కట్టడాన్ని బయటపెట్టి, ఇది దావీదు నగరు కావచ్చని చెప్పింది. కాలనిర్ణయంలో ఇతర పండితులు ఆమెతో ఏకీభవించలేదు. యాత్రికుడికి మొదటి మాట చెప్పినంత గట్టిగా రెండవ మాట ఎవరైనా చెబుతారా? కింద సొరంగాలు తవ్వుతుంటే మా ఇళ్ల గోడలు బీటలు వారుతున్నాయని పైన నివసించేవారు చేసిన ఫిర్యాదు మన చెవిన పడుతుందా? వారిలోనూ దేవుని స్వరూపమున్నది.

తప్పు ఒక్క పక్షానిదే కాదు. 1999 నవంబరులో దేవాలయపు కొండ మీద మసీదు పనుల కోసం, పురావస్తు పర్యవేక్షణ లేకుండా, బుల్డోజర్లతో మట్టి తవ్వి కిద్రోను లోయలో పారబోశారు. యెరూషలేములో యూదుల దేవాలయమే లేదని కొందరు నాయకులు వాదిస్తున్న రోజులవి. 2004 నుండి ఆ మట్టిని జల్లెడ పడుతున్నారు, చిన్న వస్తువులు దొరుకుతూనే ఉన్నాయి. అయితే ఏది ఏ పొరలోదో ఇక ఎవరూ చెప్పలేరు.

మన దేశానికీ ఇది కొత్త సంగతి కాదు. అయోధ్యలో 2003లో కోర్టు ఆజ్ఞతో తవ్వకం జరిగింది. 2019 తీర్పులో సుప్రీం కోర్టు, పురావస్తు నివేదిక ఆధారంగా భూమి హక్కును నిర్ణయించలేమని స్పష్టంగా చెప్పింది. ఇతరులు తమ విశ్వాసం కోసం పారను వంచకూడదని కోరే మనం, మన విశ్వాసం కోసం కూడా వంచకూడదు.

వెదకనివారికి దొరికినవి

ఇదంతా చదివి, అయితే తవ్వకాల వల్ల మనకు ఒరిగిందేమీ లేదా అని దిగులు పడవద్దు. దేవుని ప్రజలకు ఎంతో ప్రియమైన ఆనవాళ్లు కొన్ని బయటపడిన తీరు చూడండి. హిజ్కియా సొరంగంలోని సిలోయము శాసనాన్ని 1880లో కనిపెట్టింది నీళ్లలో ఆడుకుంటున్న ఒక బాలుడు. మృత సముద్రపు గ్రంథపు చుట్టలను 1940లలో మొదట తాకింది గొర్రెల కాపరులు. 1979లో యెరూషలేము బయట ఒక సమాధిలో, శుభ్రం చేయమని మూలకు పంపిన 13 ఏళ్ల కుర్రవాడు సుత్తితో నేలను కొడితే నిధి గది బయటపడింది. అందులోని రెండు చిన్న వెండి రేకుల మీద సంఖ్యాకాండము 6వ అధ్యాయంలోని యాజక ఆశీర్వాదపు మాటలున్నాయి. అవి మృత సముద్రపు చుట్టలకంటే కూడా కొన్ని వందల ఏళ్లు పాతవి. ప్రతి ఆదివారం ఆరాధన ముగింపులో మనం అందుకునే ఆశీర్వాదమది.

1993 నాటికి దావీదు కేవలం కల్పిత పాత్ర అని వాదించే పండితులు కొందరున్నారు. వారికీ ముందే ఒక తీర్మానం ఉంది. ఆ ఏడు దాను పట్టణపు తవ్వకంలో, కొలతలు తీసే ఒక స్త్రీకి గోడలో ఇమిడిన రాతి మీద సాయంకాలపు వెలుగులో అక్షరాలు కనిపించాయి. క్రీ.పూ. 9వ శతాబ్దపు ఆ అరామిక్ శాసనంలో దావీదు ఇంటి పేరు ఉందని నేడు అత్యధికులు ఒప్పుకుంటున్నారు. నమ్మేవారి తొందరనూ, నమ్మనివారి తొందరనూ నేల ఒకే విధంగా సరిదిద్దుతుంది.

పొరపాటు ఒప్పుకున్నవారినీ గౌరవించాలి. నెల్సన్ గ్లూక్ అనే యూదు రబ్బీ, ఏసోన్గెబెరు అని తాను తలచిన చోట 1938-40లో తవ్వి, సొలొమోను రాగి కొలిమి దొరికిందని ప్రకటించాడు. పాతికేళ్ల తరువాత, అది కొలిమి కాదని తానే రాశాడు. సమీపంలోని తిమ్నా గనులు ఐగుప్తీయులవని ఆ తరువాత తేల్చారు. ఈ మధ్య పరీక్షల్లో వాటిలో కొన్ని చోట్ల పని క్రీ.పూ. 10వ శతాబ్దంలో, అంటే సొలొమోను కాలపు పరిధిలో జరిగిందని తేలింది. ఓపిక పట్టినవారికి నష్టమేమీ కలగలేదు.

సంఘం చేయవలసింది

మొదటిది, చూడకుండా పంపవద్దు. ఎవరు తవ్వారు, ఏ సంవత్సరం, ఆ వస్తువు ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉంది అని అడగండి. రథచక్రాల సందేశంలో ఈ మూడింటికీ జవాబు ఉండదు. టర్కీలో ఓడ ఆకారంలో కనిపించే దిబ్బ సహజంగా ఏర్పడినదని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పి చాలాకాలమైంది.

రెండవది, పురాతన వస్తువుల వ్యాపారానికి దూరంగా ఉండండి. భక్తిగల ధనవంతులు కూడా ఇందులో దెబ్బతిన్నారు. అమెరికాలో బైబిలు మ్యూజియం స్థాపకుల వ్యాపార సంస్థ హాబీ లాబీ, ఇరాక్ నుండి అక్రమంగా వచ్చిన వేల వస్తువులు కొన్నందుకు 2017లో వాటిని అప్పగించి, 30 లక్షల డాలర్లు కట్టవలసి వచ్చింది. ఆ మ్యూజియంలోని మృత సముద్రపు గ్రంథాల 16 ముక్కలూ నకిలీవని 2020లో తేలింది. ఆ పరీక్ష చేయించి, ఫలితాన్ని దాచకుండా ప్రకటించింది ఆ మ్యూజియమే. అది మంచి మాదిరి.

మూడవది, సేవకులకు ఒక మనవి. యెరికో గోడలు విశ్వాసమునుబట్టి కూలెనని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం చెబుతుంది. మన ప్రసంగానికి ఆ ఆధారం చాలు. తేలని సంగతిని తేలలేదని చెప్పండి. వేదిక మీద తెలియదు అన్న మాట వినిన యౌవనస్థుడు, మీకు తెలుసు అని చెప్పినప్పుడు నమ్ముతాడు.

యోబు స్నేహితులు దేవుని పక్షం వహించి మాట్లాడారు. దేవుని కోసం అన్యాయపు మాటలు పలుకుతారా అని యోబు వారిని నిలదీశాడు (యోబు 13:7). చివరికి దేవుని కోపం ఎవరిమీద రగిలింది? తన పక్షాన వాదించిన ఆ స్నేహితుల మీదనే. అబద్ధ సాక్ష్యము పలకకూడదన్న ఆజ్ఞకు దేవుని పేరు మినహాయింపు కాదు. మనం ఆరాధించే ప్రభువు తానే సత్యమని చెప్పినవాడు. ఆయనకు మన నకిలీ ఫోటోల సహాయం అక్కరలేదు.

ఆ కుర్రవాడు ఇప్పుడెక్కడున్నాడో మాకు తెలియదు. ఎక్కడో ఈ మాటలు చదివితే, నీవు చెప్పిందే సరి బాబూ అని అతనికి చెప్పాలని ఉంది. మీ సంఘంలో అలాంటి ప్రశ్నతో నిలబడిన బిడ్డ ఉంటే, ఈ ఆదివారమే పిలిచి కూర్చోబెట్టి, పూర్తిగా వినండి.